పాత ట్రాన్సిస్టర్‌లో విమానం మాటలు: శంషాబాద్ రేడియో సంభాషణలను స్కానర్‌తో వినవచ్చునా?

ప్రశ్న: తుక్కుగూడ నివాసి

మా ఇల్లు తుక్కుగూడలో, శంషాబాద్ విమానాశ్రయానికి తూర్పు దిక్కున ఉన్నది. వానకాలంలో దిగే విమానాలు మా వైపు నుండే వస్తాయి. వంటగదిలో ఒక పాత ట్రాన్సిస్టర్ ఉన్నది, అందులో 101.9 మీద రెయిన్‌బో వింటూ ఉంటాము. ముల్లు కొంచెం జరిగి స్టేషను లేని చోట నిలిచినప్పుడు, అదీ విమానం నెత్తి మీదుగా పోతున్న సమయంలోనే, గరగరమనే గొంతుతో ఎవరో ఇంగ్లీషులో అంకెలు చదువుతున్నట్లు రెండు మూడు క్షణాలు వినిపించి ఆగిపోతున్నది. మొదట పక్క స్టేషను అనుకున్నాము. మా అమ్మాయి విమానానికీ ఆ గొంతుకూ ఉన్న లంకెను కనిపెట్టింది.

అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నది, పైలట్ కావాలని చిన్ననాటి నుండి పట్టు. ఈ గొంతు విన్నప్పటి నుండి రేడియోను వదలడం లేదు. డాలస్‌లో ఉన్న మా బావమరిది ఈసారి వచ్చేటప్పుడు చేతిలో పట్టే స్కానర్ (విమానాల మాటల వంటివాటిని వెతికి వినిపించే రేడియో) ఒకటి తెస్తానంటున్నాడు; అక్కడ అందరూ వింటారట, ఎవరూ ఏమీ అనరట. తెప్పించుకునే ముందు తెలిసినవారిని అడగడం మంచిదనిపించింది. ఎఫ్‌ఎం రేడియోలోకి విమానం మాట ఎలా వస్తున్నది? స్కానర్‌తో వినడం మన దేశంలో చట్టానికి లోబడినదేనా? ఒకవేళ కాకపోతే, ఆ పిల్ల ఆసక్తిని నిలబెట్టడానికి సరైన మార్గం ఏదైనా ఉన్నదా?

జవాబు: మల్కాజిగిరి హ్యామ్

అయ్యా, నేను హ్యామ్‌ను, అంటే లైసెన్సుతో అభిరుచి కోసం రేడియో నడిపేవాడిని. ముందు చట్టం సంగతి చెప్పి తరువాత మీ ట్రాన్సిస్టర్ దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఈ విషయంలో అమెరికా అలవాటును ఇక్కడికి తెచ్చుకుంటే చిక్కుల్లో పడతారు. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం మొదటి నుండీ చెప్పేది ఒకటే: మాట పంపే పరికరమైనా, కేవలం వినే పరికరమైనా, లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోరాదు. మా నాన్నగారి తరంవారు మామూలు రేడియోకు కూడా ఏటేటా పోస్టాఫీసులో రుసుము కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు అతికించుకునేవారు. ప్రసార కేంద్రాలను వినే రేడియోలకు ఆ బాధ తరువాత తప్పింది గాని, ఆ మినహాయింపు విమానాల బ్యాండుకు వర్తించదు. ఆ పాత చట్టం స్థానంలోకి రావడానికి చేసిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో కూడా 3వ సెక్షన్ రేడియో పరికరం ఉంచుకోవడానికి అనుమతి అవసరమంటుంది. 42వ సెక్షన్ అక్రమంగా సందేశాలను పట్టుకున్నవారికి మూడేళ్ళ వరకు జైలు, లేదా రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని చెబుతుంది. అందువల్ల మీ బావమరిదిగారిని స్కానర్ తేవద్దని చెప్పండి. కస్టమ్స్ దగ్గర ఆపితే ఆయనకూ ఇబ్బందే.

ఈ విషయంలో మనమొక్కరమే కఠినం అనుకోనక్కరలేదు. బ్రిటన్‌లో కూడా తనకు ఉద్దేశించని రేడియో సందేశాన్ని అనుమతి లేకుండా వినడం నేరమే. అందుకే ప్రపంచంలోని విమానాశ్రయాల మాటలను ఇంటర్నెట్‌లో వినిపించే లైవ్ఏటీసీ వెబ్‌సైటులో లండన్ వినబడదు, న్యూయార్క్ వినబడుతుంది.

ఇక మీ ట్రాన్సిస్టర్. విమానాల మాటలు 118 నుండి 137 మెగాహెర్ట్‌జ్ మధ్య నడుస్తాయి, మన ఎఫ్‌ఎం 88 నుండి 108 వరకు ఉంటుంది. రెండూ పక్కపక్క వీధులే. చాలా రేడియోలు తాము పట్టిన తరంగాన్ని ముందుగా 10.7 మెగాహెర్ట్‌జ్‌కు దింపుకుని, అక్కడ వడపోసి మాటగా మారుస్తాయి. ఇందుకోసం లోపల ఒక ఆసిలేటర్ (తానే ఒక తరంగాన్ని పుట్టించే భాగం) మీరు పెట్టిన స్టేషను కంటే 10.7 ఎక్కువలో మోగుతూ ఉంటుంది. ముల్లు 100 మీద ఉంటే ఆసిలేటర్ 110.7 మీద ఉంటుంది. అయితే 110.7కు కింద 10.7 దూరంలో 100 ఉన్నట్లే, పైన అంతే దూరంలో 121.4 కూడా ఉన్నది. మంచి రేడియోలో ముందరి వడపోత ఆ రెండోదాన్ని గుమ్మం దగ్గరే ఆపుతుంది. చవక సెట్టులోనో, పాతబడి ట్యూనింగ్ చెదిరిన సెట్టులోనో అది లోపలికి దూరుతుంది, అందునా విమానం నెత్తిమీద ఉండి సంకేతం బలంగా ఉన్నప్పుడు. దీనినే ఇమేజ్ అంటాము. మీ అమ్మాయి ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి దానికి 21.4 కలిపితే అసలు మాట ఏ ఫ్రీక్వెన్సీదో తెలిసిపోతుంది. ఎంపీసీ పిల్లకు ఇది మంచి లెక్క.

గొంతు గరగరలాడటానికి కారణం వేరే ఉన్నది. విమానాల మాట ఏఎం పద్ధతిలో (తరంగం బలాన్ని మారుస్తూ) వస్తుంది, మీ రేడియో దాన్ని ఎఫ్‌ఎం (తరంగం ఫ్రీక్వెన్సీని మార్చే పద్ధతి) అనుకుని విప్పబోతుంది. ఇంత కాలం గడిచినా విమానాలు ఏఎంనే పట్టుకుని ఉండటం చాదస్తం కాదు. ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సంకేతం బలహీనమైనదాన్ని పూర్తిగా అణచివేస్తుంది, రెండోవాడు మాట్లాడాడన్న సంగతే వినేవారికి తెలియదు. ఏఎంలో అయితే రెండూ ఢీకొని కీచుమనే ఈల పుడుతుంది. మాట అర్థం కాకపోయినా, ఎవరో ఇద్దరు ఒకరిమీద ఒకరు పడ్డారని నేల మీది కంట్రోలరుకు తెలిసి మళ్ళీ అడుగుతాడు. ఆ ఈల ప్రతిసారీ కాపాడుతుందని కాదు. 1977 మార్చి 27న టెనెరిఫేలో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించిన ప్రమాదంలో, కంట్రోల్ టవర్ మాటా, ‘మేమింకా రన్‌వే మీదే ఉన్నాము’ అన్న పాన్ యామ్ విమానం మాటా ఒకే క్షణంలో రావడంతో, బయలుదేరుతున్న కేఎల్ఎం విమానం కాక్‌పిట్‌లో చెవులు చిల్లులుపడే ఆ ఈలే వినిపించింది. వారు మళ్ళీ అడగలేదు.

జవాబు: కూకట్‌పల్లి నుండి ఒక సభ్యుడు

పెద్దలు చెప్పిన చట్టం కాదనను. అయితే విమాన బ్యాండు ఉన్న చిన్న రేడియోలు ఆన్‌లైన్‌లో బహిరంగంగానే దొరుకుతున్నాయి, కొన్నవారిని ఎవరూ పట్టుకుపోయిన దాఖలా నేను చూడలేదు. కంప్యూటరుకు తగిలించే టీవీ డాంగిల్ ఒకటి ఉంటే చాలు, కొన్నింటిలోని చిప్‌తో టీవీ మాత్రమే కాక విమాన బ్యాండుతో సహా ఇంకెన్నో తరంగాలను పట్టవచ్చునని 2012లోనే బయటపడింది. ఇంట్లో కూర్చుని విన్నంత మాత్రాన ఎవరికి నష్టం?

జవాబు: మల్కాజిగిరి హ్యామ్

నాయనా, అంగడిలో దొరకడం వేరు, ఉంచుకునే హక్కు ఉండటం వేరు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అనుమతుల వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్ముతున్న ఆన్‌లైన్ అంగళ్ళకు నోటీసులు ఇచ్చింది. అంతవరకు అవి కూడా బహిరంగంగానే దొరికాయి. వినడం వరకే అయితే నష్టం లేదని నువ్వు అంటున్నావు. సాధారణ పౌర విమానాల విషయంలో ఆ వాదనలో కొంత సబబు ఉన్నదని నేనూ ఒప్పుకుంటాను, చట్టం మారాలని అడగడంలో తప్పు లేదు. కానీ మన ఊరి చుట్టూ ఉన్నది శంషాబాద్ ఒక్కటే కాదు. దుండిగల్‌లో వాయుసేన అకాడమీ, హకీంపేటలో వాయుసేన స్టేషను ఉన్నాయి, పాత విమానాశ్రయం ఉన్న బేగంపేట సంగతి సరేసరి. స్కానర్ అన్న మాటకే అర్థం వరుసగా అన్ని ఫ్రీక్వెన్సీలనూ వెతుకుతూ పోవడం. అది ఎవరి మాట మీద ఆగుతుందో నీ చేతిలో ఉండదు. ఆగిన మాటను ఎవరైనా రికార్డు చేసి సరదాకు వాట్సాప్‌లో పెడితే, ఆ తరువాతి సంజాయిషీ పోలీసు స్టేషనులోనే. వాకీటాకీల విషయమైతే మరీ ప్రమాదం, ఎందుకంటే వాటికి మాట్లాడే మీట కూడా ఉంటుంది.

అసలు ప్రశ్న అడిగిన పెద్దమనిషికి ఒక మాట. అమ్మాయికి రేడియో మీద నిజంగా ప్రీతి ఉంటే అమెచ్యూర్ రేడియో (హ్యామ్) పరీక్ష రాయించండి. పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా రాయవచ్చు. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉన్నది, 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉండి వార్తలు అందించిన బృందం ఆ సంస్థదే. ఆ లైసెన్సు విమాన బ్యాండు వినడానికి అనుమతి కాదు, అది స్పష్టంగా గుర్తుంచుకోవాలి. కానీ 144 నుండి 146 మెగాహెర్ట్‌జ్ వరకు మన హ్యామ్‌లది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయేటప్పుడు 145.800 మీద వ్యోమగాముల గొంతు వినబడే సందర్భాలు ఉంటాయి. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున పోతుంది, అది నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున పోతుంది. పిల్లకు ఏది పెద్దదో తననే తేల్చుకోమనండి.

జవాబు: పైలట్ శిక్షణార్థి, సికింద్రాబాద్

నేను కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం చదువుతున్నాను. దానికి ఆర్‌టీఆర్ అనే రేడియో పరీక్ష తప్పనిసరి. పూర్వం టెలికాం శాఖ నిర్వహించేది, భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త విమానయాన చట్టం 2025 జనవరి 1న అమలులోకి వచ్చాక డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్) చేతికి మారింది. మా తరగతిలో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: ఫ్రీక్వెన్సీ తెలిసి, రేడియో చేతిలో ఉన్నా, ఏ మాట తరువాత ఏ మాట వస్తుందన్న వరుస తెలియనివారికి ఆ మాటలు వట్టి గోల. వరుస తెలిస్తే రేడియో లేకుండానే సగం ఊహించవచ్చు. అందువల్ల అమ్మాయిగారిని ముందు వరుస నేర్చుకోమనండి, దానికి ఏ చట్టమూ అడ్డురాదు.

ఒక నమూనా రాస్తున్నాను. వానకాలంలో మీ ఇంటి మీదుగా దిగుతున్న ఇండిగో విమానం ఒకటి అనుకోండి. ఇండిగో రేడియో పేరు ఐఫ్లై. టవర్ ఇలా అంటుంది: ‘ఐఫ్లై త్రీ టూ వన్, విండ్ టూ సెవెన్ జీరో డిగ్రీస్ వన్ టూ నాట్స్, రన్‌వే టూ సెవెన్ లెఫ్ట్, క్లియర్డ్ టు ల్యాండ్.’ ముందు ఎవరిని పిలుస్తున్నదో, తరువాత గాలి ఏ దిక్కునుండి ఎంత వేగంతో వీస్తున్నదో, ఏ రన్‌వేయో, చివరకు అనుమతి. పైలట్ దీన్ని తిరిగి చెబుతాడు: ‘రన్‌వే టూ సెవెన్ లెఫ్ట్, క్లియర్డ్ టు ల్యాండ్, ఐఫ్లై త్రీ టూ వన్.’ గాలి సంగతి వదిలేశాడు, రన్‌వేనూ అనుమతినీ మాత్రం వదలలేదు. ఏది తప్పక తిరిగి చెప్పాలో, ఏది చెప్పనక్కరలేదో నియమం ఉన్నది: రన్‌వే, ఎత్తు, దిశ, ట్రాన్స్‌పాండర్ (విమానం గుర్తును రాడార్‌కు పంపే పరికరం) అంకె, పీడనం విలువ తిరిగి చెప్పి తీరాలి, కంట్రోలర్ అది విని సరిచూడాలి.

ఇందులో టూ సెవెన్ అంటే విమానం 270 డిగ్రీలకు, అనగా పడమరకు, ముక్కు పెట్టి దిగుతున్నదని. శంషాబాద్‌లో రెండు రన్‌వేలు పక్కపక్కనే తూర్పు పడమరలుగా ఉన్నాయి, అందుకే ఎడమదాన్ని లెఫ్ట్ అంటారు; పెద్దది 4,260 మీటర్లు. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా దిగుతుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో గాలి పడమటి నుండి వస్తుంది కాబట్టి విమానాలు తూర్పున మీ తుక్కుగూడ వైపు నుండి వచ్చి దిగుతాయి. చలికాలంలో గాలి తూర్పుకు తిరుగుతుంది, అప్పుడు దిగేవారు పడమటి వైపు నుండి వస్తారు, మీకు ఎగిరేవారి మోత మిగులుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి రేడియో అక్కరలేదు. విమానాశ్రయ వాతావరణ నివేదిక, మెటార్ అంటాము, అరగంటకు ఒకటి చొప్పున ఇంటర్నెట్‌లో అందరికీ కనబడుతుంది. అందులో వీఓహెచ్ఎస్ అన్న శంషాబాద్ గుర్తు తరువాత, రోజు, సమయం దాటగానే ‘27012కేటీ’ వంటి ముక్క ఉంటుంది: 270 డిగ్రీల నుండి 12 నాట్ల గాలి. అది చూసి మీ అమ్మాయి మేడ ఎక్కకుండానే ఈ పూట విమానాలు ఎటునుండి దిగుతాయో చెప్పేయగలదు.

తిరిగి చెప్పడం గురించి అంత పట్టుదల ఎందుకంటే, మన దేశంలోనే దానికి కారణం ఉన్నది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానమూ, ఢిల్లీ నుండి ఎగిరిన సౌదీ విమానమూ ఢీకొని 349 మంది ప్రాణాలు పోయాయి. కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగుల దగ్గర ఆగమని చెప్పారు, ఎదురుగా విమానం వస్తున్నదని కూడా చెప్పారు. అందులో రేడియో మాట్లాడే మనిషి వేరు, విమానం నడిపే మనిషి వేరు. విమానం చెప్పిన ఎత్తు దాటి కిందికి జారింది. మాకు పాఠం చెప్పేవారు ఈ ప్రమాదం దగ్గర చాలాసేపు ఆగుతారు. సరైన అంకె చెవికి చేరినా, అది నడిపేవాని చేతికి చేరకపోతే ఏమవుతుందో ఇంతకంటే తెలిపే ఉదాహరణ లేదు.

ప్రశ్న అడిగినవారి మాట: తుక్కుగూడ నివాసి

అందరికీ నమస్కారం. బావమరిదికి స్కానర్ వద్దని చెప్పేశాను, కాస్త చిన్నబుచ్చుకున్నాడు. మెటార్ విషయం అమ్మాయికి చాలా నచ్చింది. తన తరఫున రెండు సందేహాలు. మా రేడియోలో విమానంలోని గొంతు మాత్రమే వస్తుంది, టవర్ ఇంత దగ్గరలో ఉండి కూడా ఒక్కసారి వినబడదు, ఎందుకని? లైవ్ఏటీసీలో వినాలంటే ఏ ఊరితో మొదలుపెట్టాలి?

జవాబు: మల్కాజిగిరి హ్యామ్

ఈ తరంగాలు సూటిగా చూపు సాగినంత దూరమే పోతాయి. 35,000 అడుగుల ఎత్తున ఉన్న విమానానికి ఆ చూపు 400 కిలోమీటర్లు దాటుతుంది. నేల మీద పది మీటర్ల స్తంభానికి పదమూడు కిలోమీటర్లు మించదు, మధ్యలో మన గుట్టలూ అపార్ట్‌మెంట్లూ వస్తే అదీ ఉండదు. మీ వంటగదికీ విమానానికీ నడుమ పైకప్పు ఒక్కటే, టవర్ వైపు మాత్రం ఎన్ని గోడలో. పైగా ఇమేజ్ దారిలో దూరాలంటే సంకేతం ఎంతో బలంగా ఉండాలి, ఆ బలం నెత్తిమీది విమానానికే ఉంటుంది.

జవాబు: పైలట్ శిక్షణార్థి, సికింద్రాబాద్

న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయం చాలా పేరున్నది, కానీ దానితో మొదలుపెట్టవద్దు. కంట్రోలర్లు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడతారు, మొదటి రోజే నీరసం వస్తుంది. అక్కడి చిన్న విమానాశ్రయం ఏదైనా ఎంచుకుని, టవర్ మాటలు మాత్రమే వినమనండి. టవర్ మాటల్లో దిగడం, ఎగరడం తప్ప మరేమీ ఉండదు కాబట్టి వరుస త్వరగా పట్టుబడుతుంది. అప్రోచ్ (దిగడానికి దగ్గరవుతున్న విమానాలతో మాటలు), గ్రౌండ్ (నేల మీద కదిలేవాటితో మాటలు) తరువాత చూసుకోవచ్చు. మనకు ఉదయం 6 గంటలైతే న్యూయార్క్‌లో వేసవిలో ముందురోజు రాత్రి 8:30, చలికాలంలో 7:30 అవుతుంది, అది రద్దీ వేళే.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. అమెరికా వాడుకను పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి. వారు ఫ్రీక్వెన్సీ చెప్పేటప్పుడు పాయింట్ అంటారు, మనం డెసిమల్ అనాలి. వారు గాలి పీడనాన్ని అంగుళాలలో చెబుతారు, మనకు హెక్టోపాస్కల్స్. ముందు విమానం ఇంకా రన్‌వే మీద ఉండగానే వెనుకవారికి దిగడానికి అనుమతి ఇచ్చే పద్ధతి కూడా అక్కడ ఉన్నది, దాన్ని విని ఇక్కడా అంతేననుకోరాదు. శంషాబాద్ ఫ్రీక్వెన్సీలు, ట్యాక్సీవేల (రన్‌వేకూ టెర్మినల్‌కూ మధ్య విమానాలు నడిచే దారుల) పటాలు, దిగే దారుల చార్టులు అన్నీ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వెబ్‌సైటులోని ఏఐపీలో (విమానయాన సమాచార గ్రంథంలో) అందరికీ అందుబాటులో ఉన్నాయి. వీఓహెచ్ఎస్ పేజీ తెరిచి 2.18 అన్న భాగం చూస్తే ఏ కంట్రోలర్ ఏ ఫ్రీక్వెన్సీ మీద పలుకుతాడో పట్టికగా కనిపిస్తుంది. దాన్ని చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ముందుగా గ్రౌండ్ చార్టు ముద్రించుకుని, రన్‌వే నుండి టెర్మినల్ వరకు దారి వేలితో గీస్తూ గట్టిగా చదవమనండి. మా సంస్థలో మొదటి వారమంతా చేయించేది అదే.